మేస్త్రీ చేతికి అందాల్సిన చదువు

(పాఠశాల స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1981లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేశాను. తరువాత సివిల్ ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగ జీవితమంతా ఇళ్లు, బళ్లు, వంతెనల మధ్యనే గడిపాను. సంఘం కార్యదర్శిగారు ఫోను చేసి, “మీ వృత్తిలోంచి మనవాళ్లకు పనికొచ్చే సంగతి ఏదైనా ఒక అరగంట చెప్పండి” అన్నారు. నాకు ఎక్కువ తృప్తినిచ్చిన పని పెద్ద కట్టడాలేవీ కావు. 2001 భూకంపం తరువాత గుజరాత్‌లోని కచ్ జిల్లాలో ఒక స్వచ్ఛంద సంస్థతో కలిసి ఏడాదిన్నర పాటు ఊరి తాపీ మేస్త్రీలకు శిక్షణ ఇచ్చాను. ఆ సంగతే చెబుతాను. చివర మన బడి గురించి ఒక విన్నపం ఉంది. దానికోసమే ఇదంతా చెబుతున్నానని ముందే మనవి చేస్తున్నాను.

2001 జనవరి 26, గణతంత్ర దినోత్సవం. ఉదయం 8 గంటల 46 నిమిషాలకు కచ్‌లో భూమి కంపించింది. తీవ్రత 7.7. అధికారిక లెక్కల ప్రకారమే 13,800 మందికి పైగా చనిపోయారు. భచావ్, అంజార్, భుజ్, రాపర్ పట్టణాలు, వాటి చుట్టుపక్కల పల్లెలు నేలమట్టమయ్యాయి. అంజార్‌లో జెండా పండుగకు ఊరేగింపుగా వెళుతున్న బడిపిల్లలు ఇరుకు సందులో ఉండగా రెండువైపుల ఇళ్లూ వాళ్ల మీద పడ్డాయి. రెండువందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా బహుళ అంతస్తుల భవనాలు కూలాయి.

మా వృత్తిలో ఒక మాట ఉంది: మనుషుల్ని చంపేది భూకంపం కాదు, కట్టడం. బయలు పొలంలో నిలబడిన రైతు భూకంపానికి కింద పడతాడేమో కాని చావడు. ఇంట్లో నిద్రపోతున్నవాడు చస్తాడు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో జరిగింది ఇదే. ఆ భూకంపం తీవ్రత 6.2 మాత్రమే. అయినా అధికారికంగా దాదాపు 8,000 మంది చనిపోయారు. మందపాటి రాతి గోడలు, మట్టి మాలు, దూలాల మీద అడుగుల మందాన పోసిన మట్టి మిద్దె. ఎండాకాలంలో చల్లగా ఉండే ఆ ఇళ్లే నిద్రలో ఉన్నవాళ్లకు సమాధులయ్యాయి. ఆ కదలిక హైదరాబాదు దాకా తెలిసింది. ఇక్కడున్న కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఇక్కడ మనం ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటుంది. ఇల్లు కూలకుండా ఎలా కట్టాలో అప్పటికి ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. చాలాకాలంగా తెలుసు. 1935లో ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న క్వెట్టా నగరం భూకంపానికి ధ్వంసమైంది. దానికి నాలుగేళ్ల ముందు, 1931లో దగ్గరలోని మచ్‌లో వచ్చిన భూకంపం చూసి, ఎస్.ఎల్. కుమార్ అనే రైల్వే ఇంజనీరు పాత రైలు పట్టాలు వాడి గోడలకు కట్లు వేసి రైల్వే క్వార్టర్లు కట్టించాడు. 1935లో చుట్టూ ఊరంతా కూలినా అవి నిలబడ్డాయి. స్వాతంత్య్రం వచ్చాక రూర్కీలో జైకృష్ణ, ఆనంద్ స్వరూప్ ఆర్య వంటి ఆచార్యులు ఈ విద్యను శాస్త్రంగా పెంచారు. భారత ప్రమాణాల సంస్థ 1967లోనే ఐ.ఎస్. 4326 పేరుతో నియమావళి అచ్చువేసింది. అంటే కిల్లారికి పాతికేళ్ల ముందు, కచ్‌కు ముప్ఫై ఏళ్లకు పైగా ముందు ఆ పుస్తకం ఉంది.

పుస్తకం ఉంది, కాని అది ఇంగ్లీషులో ఉంది, ఇంజనీరు బీరువాలో ఉంది. ఇళ్లు కట్టేది ఇంజనీరు కాదు. కచ్‌లోనైనా, మన జిల్లాలోనైనా పల్లెటూరి ఇంటికి ప్లాను గీసేది, పునాది తీసేది, గోడ లేపేది, స్లాబు పోసేది మేస్త్రీ. ఇంటాయన అడుగుతాడు, మేస్త్రీ చెబుతాడు, పని జరిగిపోతుంది. ఆ మేస్త్రీకి ఈ చదువు ఎవరూ చెప్పలేదు. వాళ్ల నాన్న దగ్గరో మేనమామ దగ్గరో మాలు కలుపుతూ నేర్చుకున్నదే అతని చదువు. అందులో మంచి చాలా ఉంది, లోపాలూ ఉన్నాయి. ఏది మంచో ఏది లోపమో తేల్చి చెప్పేవాళ్లు అతని జీవితంలో ఎవరూ లేరు.

గుజరాత్ ప్రభుత్వం భూకంపం వచ్చిన రెండు వారాల్లోపే విపత్తు నిర్వహణ సంస్థను ఏర్పాటుచేసింది. ఇళ్ల విషయంలో ఒక తెలివైన నిర్ణయం తీసుకుంది. అన్నిచోట్లా గుత్తేదారుల చేత వరస ఇళ్లు కట్టించి తాళాలు ఇవ్వడం కాకుండా, కోరుకున్న యజమానికే డబ్బు విడతలుగా ఇచ్చి అతని ఇల్లు అతనే కట్టుకునేలా చేసింది. ఇంజనీరు వచ్చి చూసి, నియమాల ప్రకారం ఉందంటేనే తరువాతి విడత. ఈ పద్ధతిలో యజమానికి గౌరవం ఉంది, తనకు కావలసినట్టు కట్టుకునే స్వేచ్ఛ ఉంది. కాని లక్షల ఇళ్లు ఒకేసారి లేస్తుంటే, అవి గట్టిగా ఉంటాయా లేదా అన్నది మళ్లీ మేస్త్రీ చేతిలోనే ఉంది. అందుకే ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ వేల సంఖ్యలో మేస్త్రీలకు శిక్షణ మొదలుపెట్టాయి. అందులో నేనొక చిన్న చెయ్యి.

గుజరాతీలో తాపీ పనివాణ్ణి కడియా అంటారు. మా తరగతిలో పాతిక నుంచి ముప్ఫైమంది కడియాలు ఉండేవారు. ఆరు రోజుల శిక్షణ. మొదట తేల్చుకోవాల్సింది కూలి సంగతి. రోజు కూలీ మానుకుని వచ్చి కూర్చోమంటే ఏ మేస్త్రీ వస్తాడు? కాబట్టి శిక్షణ రోజులకు కూలి ఇచ్చేవాళ్లం. మధ్యాహ్నం భోజనం, చివర ఒక గుర్తింపు కార్డు, కొత్త తాపీ, రసమట్టం, టేపు. ఇది దానం కాదు. ఏ వృత్తివాడికైనా నేర్చుకునే కాలం కూడా పని కాలమే.

మొదటి రోజు తరగతి గది లేదు. అందరినీ వెంటబెట్టుకుని ఊళ్లో తిరిగేవాళ్లం. కూలిన ఇళ్లు చూడాలి, నిలిచిన ఇళ్లూ చూడాలి. ఒకే వీధిలో ఒకటి కూలి పక్కది ఎందుకు నిలిచిందో వాళ్లే చెప్పాలి. ఉత్తరాన బన్నీ ప్రాంతంలో భుంగా అనే గుండ్రటి మట్టి ఇళ్లు ఉంటాయి, పైన శంఖువు ఆకారంలో తేలికైన గడ్డి కప్పు. పట్టణాల్లో సిమెంటు ఇళ్లు పడిపోతే ఈ భుంగాలు చాలావరకు నిలిచాయి. గుండ్రంగా ఉన్నదానికి మూలలు లేవు, విడిపోవడానికి చోటు లేదు, నెత్తిన బరువు లేదు. మేం చెప్పక్కర లేకుండా ఈ ముక్కలు వాళ్ల నోటి నుంచే వచ్చేవి.

ఒకసారి అంజార్ దగ్గర ఒక పెద్ద వయసు కడియా అడిగాడు: “1956లో కూడా ఇక్కడ భూకంపం వచ్చింది. మా తాత కట్టిన గోడ అప్పుడూ పడలేదు, ఇప్పుడూ పడలేదు. మా తమ్ముడు పదేళ్ల క్రితం కట్టింది పడింది. రాయి అదే, మట్టి అదే. ఎందుకు?” అందరం వెళ్లి ఆ తాతగారి గోడ చూశాం. గోడ మందమంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అడ్డంగా వేసిన పొడుగు రాళ్లు అక్కడక్కడా కనిపించాయి. తమ్ముడు కట్టిన గోడలో ఒక్కటీ లేదు. పొడుగు రాయి ఖరీదు ఎక్కువ, మొయ్యడానికి ఇద్దరు కావాలి, అందుకని కాలక్రమంలో మానేశారు. పాతవాళ్ల దగ్గరున్న విద్యే మధ్యలో జారిపోయింది. ఆ రోజు పాఠం చెప్పింది నేను కాదు, ఆ గోడ.

ఆ పొడుగు రాయి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. కచ్‌లో రాతి గోడ ఒకటిన్నర, రెండు అడుగుల మందం ఉంటుంది. చూడటానికి కోటగోడలా ఉంటుంది. నిజానికి అది ఒక గోడ కాదు, రెండు పలుచటి గోడలు. బయట ఒక వరస, లోపల ఒక వరస పేర్చి మధ్యలో చిన్నరాళ్లు, మట్టి నింపుతారు. భూమి ఊగినప్పుడు ఆ నింపుడు కిందికి దిగి, రెండు వరసల్నీ బయటికి నెడుతుంది. గోడకు పొట్ట వస్తుంది, పగులుతుంది, మీద ఉన్న మిద్దె దిగబడుతుంది. రెండు వరసల్నీ కలిపి పట్టుకునే రాయి ప్రతి రెండు అడుగుల ఎత్తుకూ, పొడుగునా నాలుగు అడుగులకు మించకుండా ఒకటి ఉండాలి. అంత పొడుగు రాయి దొరకకపోతే, ఆ చోట సందు వదిలి ఇనుప కడ్డీ పెట్టి కాంక్రీటు నింపినా సరిపోతుంది.

రెండోది పట్టీ. పునాది మీద ఒకటి, తలుపులు కిటికీల పైన ఒకటి, కప్పు కింద ఒకటి, ఇంటి చుట్టూ ఎక్కడా తెగకుండా ఇనుము వేసి పోసే కాంక్రీటు పట్టీ. మనవాళ్లు లింటెల్‌ను కిటికీ మీద వరకే వేసి ఆపేస్తారు. దాన్ని నాలుగు గోడల చుట్టూ తిప్పితే అదే పట్టీ. నాకు గుజరాతీ కొద్దిగా, కచ్చీ అసలు రాదు. హిందీలోనే నెట్టుకొచ్చేవాణ్ణి. పట్టీ గురించి చెప్పాల్సివస్తే బండి చక్రం చూపించేవాణ్ణి. చెక్కముక్కలు ఎంత బాగా బిగించినా, చుట్టూ ఇనుప పట్టా వేయకపోతే నాలుగు గతుకులకు చక్రం విడిపోతుంది. ఇల్లూ అంతే. గోడ దానంతట అది నిలుస్తుంది, కాని ఊగినప్పుడు నాలుగు గోడలూ తలో దిక్కుకు పోతాయి. పట్టీ ఉంటే నాలుగూ కలిసి ఒక పెట్టెలా ఊగుతాయి. ఎక్కువగా చిరిగేది మూలలు కాబట్టి మూలల్లో నిలువుగా ఒక కడ్డీ, తలుపు సందుకూ మూలకూ మధ్య తగినంత గోడ ఉండాలి.

మూడోది పిల్లర్ల ఇళ్ల గురించి. ఇది మన ఊళ్లకు నేరుగా సంబంధించింది. పిల్లర్‌లో నిలువు కడ్డీల చుట్టూ వేసే రింగు కొసలను మామూలుగా 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. పిల్లర్ ఊగి పైపెచ్చు ఊడగానే ఆ రింగు తెరుచుకుంటుంది. ముడి వేయని పలుపుతో గేదెను కట్టినట్టు. కొసల్ని ఇంకా లోపలికి, 135 డిగ్రీలకు వంచి పిల్లర్ కడుపులోకి దింపాలి. రాడ్‌కు అయ్యే ఖర్చు ఏమంత పెరగదు. పెరిగేది వంచేవాడి శ్రమ మాత్రమే. ఒక్కొక్క రింగుకు ఒక్క క్షణం. ఆ క్షణం ఎందుకు పెట్టాలో అతనికి అర్థం కావాలి.

నాలుగోది నీళ్లు. కాంక్రీటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఎండి కాదు, తడి మీద గట్టిపడుతుంది. ఎడారి గాలి కొట్టే కచ్‌లో, నీళ్లు ఉప్పగా ఉండి మంచినీళ్లకు ట్యాంకర్ కోసం ఎదురుచూసే పల్లెల్లో, వారం రోజులు గోడకు నీళ్లు పట్టమని చెప్పడం సులువు కాదు. అందుకని రెండు సిమెంటు దిమ్మలు చేసి ఉంచేవాళ్లం. ఒకటి వారం రోజులు తడి గోనె సంచిలో ఉన్నది, రెండోది మర్నాటి నుంచే ఎండలో వదిలేసింది. చేతికి మేకు ఇచ్చి గీకమనేవాళ్లం. ఒకదాని మీద గీత పడేది కాదు, రెండోదాని నుంచి పొడి రాలేది. ఆ తరువాత తడి గోనె సంచి గురించి ఉపన్యాసం అవసరం ఉండేది కాదు.

పరీక్ష కూడా చేతులతోనే. ఆరో రోజు ఒక్కొక్క జట్టూ ఒక మూల గోడ కట్టాలి. కట్టాక పక్క జట్టు వచ్చి దాన్ని విప్పి లోపల చూసేది. అడ్డరాయి ఉందా, మాలు రాళ్ల మధ్యకు పోయిందా, బోలు ఉందా. తన గోడను తోటి మేస్త్రీ విప్పి చూస్తాడంటే ఎవడూ పని దొంగిలించడు.

కొన్ని కార్యక్రమాల్లో ఊగే బల్ల ప్రదర్శన కూడా ఉండేది. నేపాల్‌కు చెందిన ఎన్‌సెట్ అనే సంస్థ దీన్ని బాగా వాడింది. ఒక బల్ల మీద పక్కపక్కన రెండు చిన్న ఇళ్లు కడతారు. రెండింటికీ రాయి, మట్టి ఒకటే. ఒకదానికి అడ్డరాళ్లు, పట్టీలు ఉంటాయి, రెండోదానికి ఉండవు. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుండగా బల్లను ఊపుతారు. ఒక ఇల్లు పొట్ట తెచ్చుకుని కూలిపోతుంది. రెండోది పగుళ్లతో నిలబడుతుంది. ఇందులో గమనించాల్సింది, నిలబడిన ఇంటికీ పగుళ్లు వస్తాయి. ఇంటికి ఏమీ కాదని మేం ఎవరికీ మాట ఇవ్వలేదు. లోపల ఉన్న మనిషి బయటికి నడిచివచ్చేదాకా ఇల్లు నిలబడాలి, అంతవరకే మాట.

ఈ ప్రదర్శన మేస్త్రీల కంటే ఇంటివాళ్లకు ఎక్కువ అవసరం. ఎందుకంటే శిక్షణ అయ్యాక మేస్త్రీలు మాకు చెప్పే కష్టం ఒకటే: “సార్, మాకు తెలిసింది. ఇంటాయన ఒప్పుకోడు. పక్క మేస్త్రీ పట్టీ లేకుండా తక్కువకు కడతానంటాడు, పని వాడికి పోతుంది.” ఇది నిజమైన కష్టం. నేర్చుకున్నవాడికి నష్టం, నేర్చుకోనివాడికి లాభం అయితే ఏ చదువూ నిలవదు. అందుకని ఇంటి ఆడవాళ్లను కూడా పిలిచేవాళ్లం. మగవాళ్లు కూలికో పశువుల వెంటో పోతే, రోజంతా పని దగ్గర ఉండేది, నీళ్లు పట్టేది, మేస్త్రీకి చాయ్ ఇచ్చేది వాళ్లే. అడ్డరాయి పెట్టారా, రింగు కొస లోపలికి వంచారా అని అడగడానికి ఇంజనీరింగ్ చదవక్కర లేదు. ఆ అడిగే మనిషి రోజూ అక్కడే ఉంటుందని తెలిస్తే మేస్త్రీకీ ధైర్యం, మంచి పని చేస్తే గుర్తించేవాళ్లున్నారని.

కచ్‌లో ఎవరి మాటైతే ఎక్కువ చెల్లిందో చెబుతాను. ఇంజనీరు మాట కాదు. మొదటి విడతల్లో నేర్చుకున్న కడియాల్లో చురుకైనవాళ్లను తరువాతి తరగతులకు బోధకులుగా పెట్టాం. తాపీ పట్టి చూపిస్తూ తన భాషలో, తన వేళాకోళంతో చెప్పే మేస్త్రీ ముందు మా బొమ్మలు, చార్టులు వెలవెలపోయేవి. ఇది ఒక్క చోట జరిగింది కాదు. గుజరాత్‌లో పటాంకా అనే ఊరి పునర్నిర్మాణంలో నేపాల్ నుంచి అనుభవజ్ఞులైన మేస్త్రీలు వచ్చి అక్కడి మేస్త్రీలకు నేర్పారు. దేశం దాటి వచ్చినా, మేస్త్రీ భాష మేస్త్రీకి తెలుస్తుంది.

ఇప్పుడు నేపాల్ సంగతి. 2015 ఏప్రిల్ 25న అక్కడ 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. అక్కడా ఇంటివాళ్లకే మూడు విడతలుగా మూడు లక్షల నేపాలీ రూపాయలు ఇచ్చి కట్టుకోమన్నారు. మర్నాటి ఏడాది కొన్ని నెలలు నేను అక్కడ శిక్షణ పనిలో ఉన్నాను. ఊళ్లలో మగపిల్లలు చాలామంది గల్ఫ్‌కు, మలేషియాకు వెళ్లిపోవడంతో మేస్త్రీల కరువు. తాపీ ముట్టని ఆడవాళ్లు ముందుకొచ్చి నేర్చుకుని గోడలు లేపారు.

ఆ భూకంపం శనివారం వచ్చింది. నేపాల్‌లో శనివారం బడికి సెలవు. వేల బడి భవనాలు కూలాయి, లేదా పనికిరాకుండా దెబ్బతిన్నాయి. అదే బడి నడిచే రోజైతే ఏమయ్యేదో మీరే ఊహించండి. కాని ఖాట్మండూ లోయలో ముందుగానే బలపరచిన బడులు నిలబడ్డాయి. 1990ల చివరి నుంచే ఎన్‌సెట్ వాళ్లు ఒక పని చేస్తూ వచ్చారు. బడిని బలపరిచేటప్పుడు బయటి గుత్తేదారుకు అప్పగించకుండా, ఆ ఊరి మేస్త్రీల చేతనే చేయిస్తూ అక్కడే వాళ్లకు నేర్పారు. తల్లిదండ్రులు వచ్చి చూశారు. పని అయ్యాక ఆ మేస్త్రీలే ఊళ్లో కొత్త ఇళ్లకు అదే పద్ధతి వాడారు. బడి కట్టడమే మేస్త్రీలకు బడి అయింది. నా ముప్ఫై ఏళ్ల వృత్తిలో ఇంతకంటే చవకైన, ఇంతకంటే నిలకడైన పద్ధతి నేను చూడలేదు. ఎందుకంటే కచ్‌లో ఒక బాధ ఉండేది. సర్కారు డబ్బు, తనిఖీ ఉన్నంతకాలం పట్టీ పడింది. ఆ తరువాత సొంత డబ్బుతో కట్టే అదనపు గదికి వచ్చేసరికి కొన్నిచోట్ల మళ్లీ పాత పద్ధతే. విపత్తు తరువాత వచ్చే చదువు విపత్తు జ్ఞాపకంతో పాటే సన్నగిల్లుతుంది. విపత్తుకు ముందే నేర్చుకున్న ఊళ్లో అది అలవాటుగా మిగులుతుంది.

“మనది కచ్ కాదు కదా” అని మీరు అనవచ్చు. నిజమే, అంత ప్రమాదం మనకు లేదు. కాని అసలు లేదనుకోవడానికి వీల్లేదు. 1967లో ఒంగోలు ప్రాంతంలో, 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర భూకంపాలు వచ్చాయి. మొన్న 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చినదాన్ని తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో జిల్లాల వాళ్లు తెలుసుకున్నారు. ఇక తుపాను సంగతి మనకు ఎవరూ చెప్పక్కర లేదు. 1977 నవంబరు 19 నాటికి నేను ఇదే బడిలో ఏడో తరగతి. దివిసీమలో ఉప్పెన మింగిన ఊళ్ల కథలు మన పెద్దలందరికీ తెలుసు. ఆ తరువాత 1990 మే, 2014లో విశాఖ మీదికి వచ్చిన హుద్‌హుద్.

గాలి విషయంలోనూ సూత్రం ఒకటే, ఇంటి భాగాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండాలి. గాలి కప్పును నొక్కుతుందని అనుకుంటాం. చాలాసార్లు అది కప్పును పైకి లాగుతుంది. ముఖ్యంగా చూరు దగ్గర, మూలల దగ్గర, కొప్పు దగ్గర. అందుకే ఆ అంచుల్లో రేకుల బోల్టులు దగ్గరదగ్గరగా వేయాలి, చూరు ఎక్కువ బయటికి వదలకూడదు, దూలాన్ని గోడకు, గోడను పునాదికి ఇనుముతో బిగించాలి. దూలాన్ని గోడ మీద ఊరికే ఆనించి వదిలితే, రేకు ఎంత మంచిదైనా దూలంతో సహా ఎగిరిపోతుంది. సముద్రం పక్క ఊళ్లలో ఇంకో జాగ్రత్త, ఉప్పు ఇసుక. అది వాడితే పదేళ్లకే స్లాబులో ఊచలు తుప్పుపట్టి పెచ్చులు ఊడతాయి. బలహీనపడిన ఆ స్లాబు కిందనే తుపాను నాడు మనం తలదాచుకుంటాం.

ఇక నా విన్నపం. స్వర్ణోత్సవ నిధితో బడికి కొత్తగా తరగతి గదులు కట్టాలని సంఘం తీర్మానించింది. అందరం సంతోషించే విషయం. పాత భవనం మీదనే మరో అంతస్తు వేస్తే ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన కూడా ఉందని విన్నాను. ఆ భవనం మీద నాకూ మీకున్నంత ప్రేమ ఉంది. ప్రేమతోనే చెబుతున్నాను, పునాదిని, గోడలను అర్హత గల ఇంజనీరు పరీక్షించి రాతపూర్వకంగా ఇచ్చేదాకా దాని మీద ఒక్క ఇటుక కూడా ఎక్కించవద్దు. ఒక అంతస్తు మోయడానికి కట్టిన గోడ రెండో అంతస్తును మామూలు రోజుల్లో మోయవచ్చు. ఊగే రోజున మోయాలి కదా, అప్పుడు లోపల ఉండేది మన పిల్లలు.

రెండోది. కొత్త గదులు నేల మీద కడితే, ఆ పనిని మన మండలంలోని మేస్త్రీలకు శిక్షణశాలగా మారుద్దాం. పునాది పట్టీ పోసే రోజు, లింటెల్ పట్టీ పోసే రోజు, పిల్లర్ రింగులు కట్టే రోజు, కప్పు బిగించే రోజు, ఈ నాలుగు రోజులూ చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాతిక మంది మేస్త్రీలను, రాడ్ బెండింగ్ పనివాళ్లను పిలుద్దాం. వాళ్లకు ఆ రోజు కూలి, భోజనం సంఘం ఇవ్వాలి. పాఠం చెప్పడానికి నేను వస్తాను, నాతోపాటు మన బడిలోనే చదివిన ఇంజనీర్లు మరికొందరు మాట ఇచ్చారు. నాలుగు రోజుల కూలి మొత్తం కలిపినా ఈ సభకు వేసిన షామియానా ఖర్చు దాటదు. షామియానా వద్దని కాదు, అది కూడా ఉండాలి.

మూడోది ఉపాధ్యాయులకు. కాన్పూరు ఐ.ఐ.టి. నుంచి సి.వి.ఆర్. మూర్తిగారు సామాన్యుడికి అర్థమయ్యేలా బొమ్మలతో భూకంప పాఠాలు రాశారు. ఒక్కొక్కటీ నాలుగు పేజీలు కూడా ఉండదు. వాటిని ముందు పెట్టుకుని తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక ప్రాజెక్టు చేయించండి. ప్రతి పిల్లవాడూ తన వీధిలో కడుతున్న ఒక ఇంటికి వెళ్లి, రింగు కొస ఎటు వంచారు, నీళ్లు ఎన్ని రోజులు పట్టారు, లింటెల్ చుట్టూ తిరిగిందా, కింద అంతస్తు గోడల్లేకుండా కారు కోసం వదిలారా అని చూసి రాయాలి. మన బడిలో చదువుతున్నవాళ్లలో మేస్త్రీల పిల్లలు చాలామంది ఉన్నారు. నాన్న చేసే పని గురించి బడిలో పాఠం ఉందంటే ఆ పిల్లవాడు ఇంటికి వెళ్లి చెప్పకుండా ఉండడు. నాన్నా వినకుండా ఉండడు.

మా కాలంలో లెక్కల మాస్టారు ఒక మాట అనేవారు, “లెక్క చేసి చూపించరా, నోటితో చెప్పకు” అని. కచ్‌లో, నేపాల్‌లో నేను చేసిన ఉద్యోగం మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. మన సంఘం కూడా ఈ పనిని చేసి చూపిస్తే బాగుంటుందని నా ఆశ. తీర్మానం పెట్టాల్సివస్తే ఈ రోజే పెట్టండి. ఇంతమందిమి మళ్లీ ఒకచోట చేరేది ఎప్పుడో తెలియదు.